గది కట్టాక నడిపేదెవరు?

దాత ఆసుపత్రి కట్టించి ఇవ్వగలడు. పదేళ్ల తర్వాత కరెంటు బిల్లు కట్టేదెవరన్నదే అసలు ప్రశ్న. 1987లో హైదరాబాద్‌లో మొదలైన ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రికి ప్రసాద్ కుటుంబం స్థలమూ, డబ్బూ ఇచ్చింది. రోజువారీ ఖర్చుకు మాత్రం దానమొక్కటే దిక్కు కాలేదు; ఇచ్చుకోగలిగినవారి ఫీజులు పేదల ఆపరేషన్లకు ఆసరా అయ్యాయి. 1996లో అప్పటి ఆదిలాబాద్ జిల్లా ముథోల్‌లో ఆ ఆసుపత్రి గ్రామీణ కేంద్రం వచ్చింది, ఆ తర్వాత ఊళ్లలో విజన్ సెంటర్లు. అక్కడ కూర్చునేది డాక్టరు కాదు, శిక్షణ పొందిన చుట్టుపక్కల ఊళ్ల పిల్లలే. పరీక్ష యంత్రం మీద గడ్డం ఆనించమని చెప్పి, శుక్లం ఉందేమో చూసి, కళ్లజోడుతో సరిపోతుందంటే అక్కడే నంబరు రాసిస్తారు. వైద్యానికిచ్చిన డబ్బు చదువుకూ, ఉపాధికీ దారి చూపిందన్నమాట.

కంటి వైద్యం సర్కారు పని కదా అంటారు కొందరు. నిజమే. 2018లో తెలంగాణ ప్రభుత్వం ‘కంటి వెలుగు’ పేరిట రాష్ట్రమంతటా శిబిరాలు పెట్టి చేసిన కంటి పరీక్షలు ఏ దాతకూ సాధ్యమయ్యేవి కావు. కానీ శిబిరం ఎత్తేశాక విరిగిన జోడు మార్చుకోవడానికి ఊరి దగ్గర ఓ తలుపు తెరిచి ఉండాలి. ఇక, దాతలకు శిలాఫలకం మీద ఉన్న మోజు జీతాల మీద ఉండదన్న ఫిర్యాదుంది. అదీ నిజమే, అందుకే పేరు చెక్కించే ముందు ఐదేళ్ల జీతాల మాట తేల్చుకోమని ట్రస్టులే మొహమాటం లేకుండా అడగాలి.