ఆతిథ్యమిచ్చిన ఇంటి అమానతు

ఫిల్మ్‌నగర్‌లో సినిమా దుస్తులు కుట్టే దర్జీ ఒకాయన నాకు చాలాకాలంగా తెలుసు. కొన్నేళ్ళ క్రితం ఆయన కుమారుడు విద్యార్థుల మార్పిడి పథకం కింద అమెరికా వెళ్ళి, ఒక క్రైస్తవ కుటుంబంలో పది నెలలు ఉండి తిరిగొచ్చాడు. వచ్చిన వారానికి నన్ను దావత్‌కు పిలిచారు. దస్తర్‌ఖాన్ ఎత్తిన తర్వాత అబ్బాయి నా పక్కన కూర్చొని మెల్లగా అడిగాడు: "మౌలానా, నేను వాళ్ళకు ఇంకా బాకీ ఉన్నానా?"

బాకీ ఏమిటని అడిగితే చివరి రోజు సంగతి చెప్పుకొచ్చాడు. ఆ రోజు పొద్దున సామాను సర్దుకొని వంటగదిలోకి వెళ్తే, ఆ ఇంటి ఇల్లాలు చేతిలో ఒక పెనం పట్టుకొని నిలబడి ఉందట. ఇతను పంది మాంసం తినడని తెలిసిన రోజునే ఆమె కొత్త పెనం కొని, పది నెలలూ దాన్ని ఇతని వంటకు మాత్రమే వాడింది. "ఇక దీన్ని ఏం చేసుకోను?" అని అడిగి కళ్ళు తుడుచుకుందట. నాన్నగారు కుట్టి పంపిన కుర్తా ఆ ఇంటి యజమానికి ఇచ్చాడు. అమ్మీ పంపిన గాజులు ఆమెకు ఇచ్చాడు. విమానం ఎక్కాక, పది నెలల అన్నానికి ఇదా మనం ఇచ్చింది అని సిగ్గేసిందట.

ఈ పథకం సంగతి పాఠకులు కొంత తెలుసుకోవాలి. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత, 2002లో అమెరికా దీన్ని మొదలుపెట్టింది. కెన్నెడీ, లూగర్ అనే ఇద్దరు సెనేటర్ల పేర్లు దీనికి ఉన్నాయి. ముస్లింలు ఎక్కువగా ఉన్న దేశాల హైస్కూలు పిల్లలను ఒక విద్యా సంవత్సరం అక్కడి కుటుంబాల్లో ఉంచి చదివించడం దీని పద్ధతి. మన దేశం కూడా అందులో ఉంది. పిల్లలను ఉంచుకునే కుటుంబాలకు జీతం గానీ, అద్దె గానీ ఉండదు. ఇష్టపడి ఉంచుకుంటారు.

దావత్‌లో కూర్చున్న అబ్బాయి పెదనాన్న అందుకున్నారు: "ఆ ప్రభుత్వం తన పేరు బాగుచేసుకోవడానికి పెట్టిన పథకం అది. మనం కృతజ్ఞత చూపడం దేనికి?" ఆయన అనుమానం పూర్తిగా కొట్టిపారేయదగినది కాదు. ప్రభుత్వాల లెక్కలు ప్రభుత్వాలకు ఉంటాయి. కానీ ఆ పెనం ప్రభుత్వం కొన్నది కాదు కదా! కర్మలు సంకల్పాలను బట్టే అని దైవప్రవక్త (స) సెలవిచ్చారు. ఆ ఇల్లాలి సంకల్పాన్ని వాషింగ్టన్ ఖాతాలో రాయడం న్యాయం కాదు.

ఈ విషయంలో మనకు ముత్ఇమ్ బిన్ అదీ ఉదంతం ఉంది. తాయిఫ్ ప్రజలు రాళ్ళు విసిరి తరిమిన తర్వాత మహాప్రవక్త (స) మక్కాలో అడుగుపెట్టడానికి ఒకరి అభయం అవసరమైంది. ముత్ఇమ్ ఆ అభయమిచ్చాడు. తన కుమారుల చేత ఆయుధాలు పట్టించి కాబా దగ్గర కాపలా నిలబెట్టాడు. అతను ఇస్లాం స్వీకరించకుండానే మరణించాడు. అయినా బద్ర్ యుద్ధ ఖైదీల విషయం వచ్చినప్పుడు, ముత్ఇమ్ బ్రతికి ఉండి వీళ్ళ కోసం ఒక్క మాట అడిగి ఉంటే అందరినీ విడిచిపెట్టేవాణ్ణని ప్రవక్త (స) అన్నారు. సహీహ్ బుఖారీలో ఈ ఉల్లేఖనం ఉంది. మేలు చేసినవాడు మరణించాడు, అతని మతం వేరు. అయినా ఆ బాకీ చెరిగిపోలేదు.

అతిథికి మూడు రోజుల ఆతిథ్యం హక్కు, ఆపైన పెట్టేది దానం అని హదీసు. అంటే పది నెలల్లో మూడు రోజులు మినహాయిస్తే మిగిలిందంతా సదఖాయే! దీనికి కుర్తా, గాజులు సరితూగవు. మేలు చేసినవారికి బదులు ఇవ్వలేకపోతే, తీర్చుకున్నామని అనిపించేంతవరకు వారి కోసం దుఆ చేయమని ప్రవక్త (స) బోధించారు. వాళ్ళ సన్మార్గం కోసం, ఆరోగ్యం కోసం, ఆ ఇంటి క్షేమం కోసం దుఆ చెయ్యి అని అబ్బాయికి చెప్పాను.

తల ఊపాడు గానీ లేవలేదు. కాసేపాగి అసలు మాట బయటపెట్టాడు. వచ్చిన రెండోరోజు టీ హోటల్లో స్నేహితులు చుట్టుముట్టారట. వాళ్ళు తాగుతారా, ఇంట్లో ఎలా ఉంటారు అని ఒకటే ప్రశ్నలు. ఒక రాత్రి ఆ దంపతులు గొడవపడటం ఇతను పై గదిలోంచి విన్నాడు. దాన్ని యాస కట్టి, అభినయించి చూపించాడు. అందరూ పడిపడి నవ్వారు. "అప్పటినుంచి నాకు ఆ పెనమే గుర్తొస్తోంది" అన్నాడు.

అతను అడిగిన బాకీ ఇదీ.

మన చుట్టుపక్కల ఇది చిన్న పాపంగా కూడా లెక్కలోకి రాదు. జూబ్లీహిల్స్ బంగళాల్లో ఎవరు ఎవరితో మాట్లాడటం లేదో, ఏ భార్యాభర్తలు వేరుపడ్డారో చెప్పగలిగిన డ్రైవరు చుట్టూ టీ హోటల్లో పదిమంది చేరతారు. పెద్దవాళ్ళ ఇంటి గుట్టు ఇక్కడ సరుకు. దాన్ని అచ్చువేసి అమ్ముకునేవారూ ఉన్నారు. పిల్లలు ఇదే చూస్తూ పెరుగుతారు.

ఫిల్మ్‌నగర్ కొండ దిగితే షేక్‌పేటలో కుతుబ్‌షాహీల నాటి సరాయి ఉంది. గోల్కొండకు వచ్చే బాటసారులు అందులో దిగేవారు. సరాయిలో బాటసారికి ఒక గది దొరుకుతుంది, అంతే. ఇంట్లో పెట్టుకున్నవాళ్ళు ఇంటినంతా అప్పగిస్తారు. వాళ్ళ కోపాలు, అప్పులు, అనారోగ్యాలు అన్నీ మన కళ్ళముందే జరుగుతాయి. సభలో విన్న మాటలే అమానతు అయినప్పుడు, అన్నం పెట్టిన ఇంటి మాట ఇంకెంత అమానతు! ముస్లిం పాలనలో రక్షణ పొందిన ముస్లిమేతరుని గురించి చేసే గీబత్ కూడా నిషిద్ధమేనని హనఫీ ఫుఖహా రాశారు. ఇక్కడ రక్షణ పొందినవాడు మన అబ్బాయి, ఇచ్చినవారు వాళ్ళు.

"వాళ్ళకు ఫోన్ చేసి క్షమాపణ అడగనా?" అన్నాడు. వద్దన్నాను. చెవిన పడని మాటను మనమే చేరవేసి నొప్పించకూడదని, అల్లాహ్ ముందు తౌబా చేసి, ఎక్కడ గీబత్ చేశామో అక్కడే వారి మంచిని చెప్పాలని చాలామంది ఉలమా అభిప్రాయం. నాకూ ఇదే సబబుగా తోస్తుంది. అయితే ఇది ఫోన్ చేయడంకన్నా కష్టం. నవ్వించినచోటే మళ్ళీ కూర్చోవాలి.

తర్వాతి జుమా నాడు మస్జిద్ బయట కలిశాడు. ఆ టీ హోటల్‌కు వెళ్ళి పెనం సంగతి చెప్పాడట. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదట. ఒకడు మాత్రం, "ఆ గొడవ మళ్ళీ చేసి చూపించరా" అన్నాడట.

"ఏమన్నావు బేటా?"

"అది వాళ్ళింటి మాట అన్నాను, మౌలానా."