తీతువు కూత

మా విచారణ యువకులు ఆదివారం సాయంత్రాలు కలిసి పరుగెత్తుతారు. పందెం కాదు, స్నేహం కోసం. ఫిరంగిపురం నుండి కొండవీటి కొండల వైపు కొత్త దారి చూడడానికి, తపస్సుకాలంలో నన్నూ వెంటబెట్టుకెళ్ళారు. యాభై దాటిన గురువు పరుగెత్తలేకపోయినా దారి చూడగలడని వారి నమ్మకం!

పత్తి చేలు, మిరప కల్లాలు దాటి బీడులో అడుగుపెట్టగానే తీతువు పిట్ట మా నెత్తిమీద తిరుగుతూ అరిచింది. అపశకునమని ఒక అబ్బాయి ఆగిపోయాడు. కల్లంలో తాలుకాయలు ఏరుతున్న తల్లి, "గుడ్లు పెట్టుంటది ఫాదరుగారూ, కింద చూసి నడవండి" అంది. నిజమే. గులకరాళ్ళ నడుమ, రాళ్ళ రంగులోనే నాలుగు గుడ్లు.

ప్రియులారా, ఇన్నేళ్ళు ఈ దారినే పూజకు వెళ్ళాను. ఒక్కనాడూ ఇవి కనబడలేదెందుకు? అప్పుడు చేరవలసిన చోటే చూశాను. ఇప్పుడు పిల్లల కాళ్ళకు ముళ్ళు గుచ్చుకోకూడదని నేల చూశాను. పునీత తోమాసు అక్వినాసుగారు వివేకమనే సుగుణంలో ముందుచూపుతోబాటు చుట్టుపక్కల చూసుకోవడాన్నీ చేర్చారు. సెమినరీలో దాన్ని పరీక్షకోసం వల్లించానంతే.

"బీడు ఎవరిదీ కాదుగదా, ఇటే పోదాం" అన్నాడొకడు. ఎవరిదీ కానిచోట మన సరదాకు హద్దు లేదా? వాదన చాలాసేపు సాగింది. చివరకు దారిని అరమైలు చుట్టు తిప్పాం. శకునానికి జంకిన అబ్బాయే మలుపులో ముగ్గుపిండితో బాణం గుర్తు వేశాడు.