నష్టం ఎవరి పాలు

సముద్రం దాటితే దోషమా, మిత్తి తింటే దోషమా అన్న ప్రశ్నలు రెండూ మన ధర్మశాస్త్రాల్లో పాతవే. వరంగల్‌లో ఇంజనీరింగ్ చదువుతూ, వేసవి రెండు నెలలు సింగపూరులోనో లండన్‌లోనో ఏ పెట్టుబడి బ్యాంకులోనో ఇంటర్న్‌షిప్ చేయబోయే విద్యార్థి దగ్గర ఆ రెండూ కలుస్తాయి. మొదటిదాన్ని ఇప్పుడెవరూ పట్టించుకోరు. బౌధాయన ధర్మసూత్రం మనిషిని పతితుణ్ణి చేసే పనుల జాబితాను సముద్రయానంతోనే మొదలుపెట్టినా, ఓరుగల్లు ఏలిన కాకతి గణపతిదేవుడు ఓడవర్తకులకు 1244లో మోటుపల్లి శాసనంతో అభయమే ఇచ్చాడు. తుఫానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును అంతకుముందు రాజులు మొత్తంగా స్వాధీనం చేసుకునేవారు. ఆ పద్ధతి మానేసి, ముప్పయ్యో వంతు సుంకం మాత్రమే తీసుకుంటానని గణపతిదేవుడు రాతిమీద చెక్కించాడు. రెండో ప్రశ్న మాత్రం ఇంకా తేలలేదు. డబ్బుతో డబ్బు పుట్టించే పని ధర్మమేనా? మంచి జీతం, మంచి పేరు వస్తాయి కాబట్టి దీన్ని అడగడమే మానేశాం. అడగాలనే నా వాదన. జవాబుకు దారి కూడా ఆ పాత గ్రంథాల్లోనే ఉంది.

వడ్డీ గురించి అవి చెప్పే మాటలు పైకి పరస్పర విరుద్ధంగా కనిపిస్తాయి. వడ్డీవ్యాపారిని, భ్రూణహత్య చేసినవాణ్ణి తక్కెడలో పెట్టి తూస్తే వడ్డీవ్యాపారి పాపమే ఎక్కువ తూగిందని వసిష్ఠ ధర్మసూత్రం అంటుంది. అదే వసిష్ఠుడి పేరు చెప్పి, నెలకు ఎనభయ్యో వంతు వడ్డీ తీసుకుంటే తప్పు లేదని మనుస్మృతి అంటుంది. యాజ్ఞవల్క్యస్మృతి ఇంకా ముందుకు వెళ్ళి, అడవిదారుల్లో వర్తకానికి పోయేవాడు నెలకు నూటికి పది, సముద్రం మీద పోయేవాడు నూటికి ఇరవై ఇవ్వవచ్చంటుంది. కౌటిల్యుడి అర్థశాస్త్రంలోనూ ఇవే అంకెలు. ఒకచోట మహాపాపమైనది మరొకచోట నెలకు నూటికి ఇరవై దాకా ఎలా చెల్లింది? ఓడ మునిగితే అప్పిచ్చినవాడి అసలు కూడా మునిగే ప్రమాదం ఉంది గనుక అంత వడ్డీ అని వ్యాఖ్యాతలు వివరించారు. అంటే లాభానికి అర్హత నష్టాన్ని మోయడం వల్ల వస్తోంది. ఆకలితో ఉన్నవాడికి గింజలు అప్పిచ్చి, ఏం జరిగినా తనకు నష్టం రాకుండా కట్టుదిట్టం చేసుకున్నవాడి మీదే ఆ తక్కెడ తీర్పు. ఒకేసారి వసూలు చేసే వడ్డీ అసలును మించకూడదని, మొత్తం రెట్టింపు దాటరాదని మనువు పెట్టిన హద్దు కూడా బాకీదారును పూర్తిగా మింగకుండా ఆపడానికే.

ఈ కొలత పట్టుకుని వరంగల్ చరిత్ర చూడాలి. 1997–98లో పురుగు పత్తిచేలను తినేసినప్పుడు ఈ జిల్లాలో రైతులు వరుసగా ప్రాణాలు తీసుకున్నారు. విత్తనాలు, మందులు చాలావరకు దుకాణాల్లో ఉద్దెరకు తెచ్చినవే. రైతుకు అప్పివ్వడం జూదం లాంటిది, అందుకే మిత్తి ఎక్కువ అని అప్పిచ్చేవారి వాదన. కానీ సముద్రపు అప్పులో ఓడతోపాటు బాకీ కూడా పోయే అవకాశం ఉండేది. ఇక్కడ పంట పోయినా బాకీ నిలిచింది, మనిషి పోయినా ఇంటిమీద నిలిచింది. ప్రమాదం పేరు చెప్పి ధర తీసుకుని, ప్రమాదాన్ని మాత్రం రైతుకే వదిలేశారు. 2010లో ఇదే కథ పెద్ద ఎత్తున జరిగింది. సూక్ష్మరుణ సంస్థలు మహిళలను గుంపులుగా చేసి, ఒకరు కట్టకపోతే మిగతావాళ్ళు కట్టాలనే షరతుతో అప్పులిచ్చాయి. వసూళ్ళు దాదాపు పూర్తిగా వస్తున్నాయని పెట్టుబడిదారులకు గొప్పగా చెప్పాయి. నష్టం ఇరుగుపొరుగు ఆడవాళ్ళ మీద పడుతోందన్నదే ఆ అంకెకు అర్థం. ఆగస్టులో వాటిలో ఒకటైన ఎస్‌కేఎస్ మైక్రోఫైనాన్స్ 985 రూపాయల షేరు ధరతో పబ్లిక్ ఇష్యూకు వచ్చింది. ఆత్మహత్యల వార్తల నడుమ అక్టోబరులో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఈ సంస్థల మీద ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది.

అలాగని ఫైనాన్స్ మొత్తాన్ని పాపంగా చూడటం తప్పు. పత్తి ధర పడిపోతుందేమోనన్న భయాన్ని జిన్నింగ్ మిల్లు నుంచి ఇంకొకరు ముందే ఒక ధరకు ఒప్పుకుని తన నెత్తిన వేసుకుంటే, అది ఫ్యూచర్స్ ఒప్పందం. లెక్క తప్పితే నష్టం అతనిదే. స్పెక్యులేటర్ అని మనం తేలిగ్గా తిట్టే ఈ మనిషి, శాస్త్రం కొలతలో, పూచీకత్తులన్నీ రాయించుకుని కూర్చున్న మర్యాదస్థుడైన రుణదాత కంటే నయం. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు పత్తి తెచ్చే రైతుకు మాత్రం ఆ రక్షణ అందడం లేదు. న్యూయార్క్‌లో ధర తగ్గితే ఆ తగ్గుదల అడ్తిదారు నోటి మాటగా అతని దాకా వస్తుంది.

ఇంటర్న్ కుర్రవాడికి ఇవన్నీ అంటగట్టడం ఏం న్యాయం అనవచ్చు. అతను చెప్పిన పని చేస్తాడు, స్ప్రెడ్‌షీట్లు నింపుతాడు, నిర్ణయాలు పైవాళ్ళవి. పైగా ఇంట్లో చదువు అప్పు ఉంటుంది, దాన్ని తీర్చడమూ ధర్మమే. ఈ చివరి మాట నిజం, దాన్ని తక్కువ చేయను. కానీ మన కర్మ సిద్ధాంతం చేసినవాడి దగ్గరే ఆగదు. చేయించినవాడికీ, సమ్మతించినవాడికీ ఫలంలో వాటా వేస్తుంది. తెలియక చేసినదానికి వాటా తక్కువ అంటే ఒప్పుకుంటాను. అయితే తెలుసుకోగలిగీ తెలుసుకోకపోవడం ఆ మినహాయింపు కిందికి రాదు. ఫలాపేక్ష లేకుండా పని చేయమన్నది గీతే కదా అనేవారూ ఉన్నారు. గీత వదలమన్నది తనకొచ్చే ఫలం మీది ఆశను. ఎదుటివాడికి ఏమైతే నాకేమన్న నిర్లక్ష్యానికి అందులో చోటు లేదు. లోకసంగ్రహం కోసం పని చేయమని మూడో అధ్యాయం స్పష్టంగానే చెబుతుంది.

తెలుసుకోవడం కష్టమూ కాదు. అప్పు మొండిబకాయి అయితే ఎవరి ఆస్తి పోతుంది, పూచీ ఎవరిది, అప్పును వేరేవారికి అమ్మేశాక మొదట ఇచ్చిన సంస్థ దగ్గర ఎంత వాటా మిగులుతుంది అన్నది ఆ కుర్రవాడి ముందున్న ఒప్పందాల్లోనే రాసి ఉంటుంది. ఇళ్ళ అప్పులు ఎడాపెడా ఇచ్చి, వాటిని అమ్మేసి చేతులు దులుపుకున్న సంస్థల వల్ల 2008లో ఏం జరిగిందో చూశాక, అలా అమ్మే సంస్థ మామూలుగా కనీసం 5 శాతం ప్రమాదాన్ని తన దగ్గరే ఉంచుకోవాలని అమెరికా, ఐరోపా నిబంధనలు పెట్టుకున్నాయి. యాజ్ఞవల్క్యుడి ఆలోచన వైపు వేసిన అడుగే అది. నా దృష్టిలో ఆ 5 శాతం చాలా తక్కువ.