ఉడుపును గూర్చిన మూడు ప్రశ్నలు

వస్త్రము శరీరమును కప్పుట కొఱకే పుట్టినదైనచో దానిని గూర్చి లోకమున ఇన్ని వాదములు పుట్టియుండెడివి కావు. చలికి కంబళి, ఎండకు తలగుడ్డ, మానమునకు పంచె – ఇంతటితో తీరిపోవలసిన విషయము. కాని అట్లు తీరలేదు. కట్టుకొన్నవారికంటె చూచినవారికే దానితో ఎక్కువ పని యున్నట్లు మాటలు సాగుచుండును. ఈ మాటలలో ధర్మవిచారమేదో, వట్టి అలవాటు పలికించు పలుకేదో వేఱుపఱచి చూచుట యీ వ్యాసముయొక్క ఉద్దేశము.

ఏటేట వేసవికి తగిన క్రొత్త ఉడుపులను రూపకర్తలు ర్యాంప్ అనబడు పొడవాటి వేదికపై నడిపించి చూపుట నేడు ముంబయి మొదలు మిలాను వఱకు వాడుకయైనది. హైదరాబాదునకు చెందిన గౌరాంగ్ షా పేరు ఇందు తెలుగువారికి పరిచితము. ‘మహానటి’ చిత్రమునకు ఉడుపులు కూర్చిన ముగ్గురిలో ఒకరుగా, 2019లో ప్రకటింపబడిన జాతీయ పురస్కారమును వారు అందుకొనిరి. లాక్మే ఫ్యాషన్ వారోత్సవములలో పలుమారులు వారు వేదిక నెక్కించినది మిల్లు గుడ్డ కాదు. జాందానీ పద్ధతిని నేసిన చేనేత. గాలి చొఱబడునంత పలుచని నేతలో పడుగు పేకల నడుమ వేఱు దారమును చేతితో చొప్పించి పువ్వును కూర్చుట జాందానీ. పని సూక్ష్మమైనకొలది చీర నెలల తరబడి మగ్గముపై నుండును.

ఇట్టి వేసవి ఉడుపుల చిత్రములు చేతిలోని ఫోనుల ద్వారా మన సిరుగుప్పకును వచ్చుచున్నవి. పెండ్లి పందిళ్లలోను సంఘ సమావేశములలోను వీనిని గూర్చి నాలుగు విధముల మాటలు మేము వినుచున్నాము. గాలికి తేలిపోవు పలుచని బట్ట సంసారుల ఇండ్లకు తగదని పెద్దలు కొందఱు అందురు. బళ్లారి ఎండ నలుబది డిగ్రీలు దాటినప్పుడు పట్టుచీరలో ఉడికిపోవుట ఏ ధర్మమని పిల్లలు అడుగుదురు. లక్ష రూపాయలు పలుకు చీరతో చేనేత ఎట్లు ఉద్ధరింపబడును, అది ధనికుల వేడుక మాత్రమే యని మూడవవారు పెదవి విఱుతురు. ఆ కొనువారే లేనిచో ఆ మగ్గము ఏనాడో మూలపడియుండెడిదని నాలుగవవారు బదులు చెప్పుదురు.

నలుగురును గట్టిగానే మాటలాడుదురు. కాని ఒకరి మాటకు మఱియొకరి మాట బదులు కాదు. కచేరీలో లెక్కలు వ్రాసి బ్రతికినవారికి ఇందలి చిక్కు వెంటనే తెలియును. వచ్చిన సొమ్ము సరిగానే యున్నను, ఒక పద్దు క్రింద వ్రాయవలసినదానిని వేఱొక పద్దు క్రింద వ్రాసినచో లెక్క కుదురదు. ఉడుపును గూర్చిన తీర్పులకు మూడు పద్దులు కలవు. అది ఇంపుగా నున్నదా యనునది మొదటిది. ఈ చోట, ఈ వేళ తగియున్నదా యనునది రెండవది. దానిని చేసినవారికి న్యాయము జరిగినదా యనునది మూడవది.

మొదటి పద్దునకు న్యాయస్థానము లేదు. పుర్రెకొక బుద్ధి, జిహ్వకొక రుచి. ‘నాకు నచ్చలేదు’ అన్నవాడు తన్ను గూర్చి చెప్పుకొన్నాడే కాని బట్టను గూర్చి ఏమియు చెప్పలేదు. అట్లని రుచి ఎదుగని వస్తువు కాదు. శ్రీకాకుళము జిల్లా పొందూరులో ఖద్దరు కొఱకు ప్రత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి శుభ్రపఱతురు. ఆ చేప పండ్లు అంత సన్నముగాను, దగ్గఱదగ్గఱగాను ఉండుటయే కారణము. ఈ సంగతి తెలియకముందు పొందూరు గుడ్డ తెల్లని గుడ్డ మాత్రమే. తెలిసిన పిమ్మట కన్నులకు అదే గుడ్డ వేఱుగా కనబడును. కనుక ఇంపు విషయమున పోరు తగదు, తెలిసికొనుట తగును.

రెండవ పద్దులోనే మన ఇండ్లలో ఎక్కువ కలహము. ‘ఊట తన్నిచ్ఛె, నోట పరరిచ్ఛె’ అని మన కన్నడ సోదరులు చెప్పుదురు. తిండి తన ఇష్టము, కనబడుట పరుల ఇష్టము అని దాని భావము. ఇందు సత్యము కలదు. చావునకు పోవునప్పుడు పెండ్లి ఉడుపుతో పోము. గుడికి పోవునప్పుడు వ్యాయామశాల ఉడుపుతో పోము. ఎదుటివారి మనస్సును గౌరవించుటయే మర్యాద. కాని ఆ మర్యాద కొలమానము స్థిరమైనదా యని అడిగినచో చరిత్ర కాదనియే చెప్పుచున్నది.

1783లో పారిసు చిత్రప్రదర్శనమున ఫ్రాన్సు రాణి మేరీ ఆంత్వానెత్ చిత్రము నొకటి ఉంచిరి. విజే లెబ్రన్ అను చిత్రకారిణి వ్రాసిన ఆ చిత్రములో రాణి పట్టును వదలి తెల్లని పలుచని మస్లిను గౌనును, గడ్డి టోపీని ధరించియుండెను. రాణి లోగుడ్డతో కూర్చున్నదని కొందఱును, లియాను పట్టు నేతగాండ్ర నోట మన్ను కొట్టుచున్నదని కొందఱును గగ్గోలు పెట్టగా ఆ చిత్రమును తొలగించిరి. ఇందు రెండు పద్దులు కలిసిపోవుట గమనింపదగినది: ఒకటి మర్యాద, మఱియొకటి నేతవారి కూడు. కొలది సంవత్సరములలోనే అట్టి తెల్లని గౌను ఐరోపా అంతట గౌరవ స్త్రీల ఉడుపైనది.

అంత దూరము పోనక్కఱలేదు. నేడు మనము సనాతనమని తలచు కుచ్చిళ్ల కట్టు, లోపావడ, రవికె కలిసిన చీరకట్టు ఇప్పటి రూపున వ్యాపించుటకు బెంగాలులో ఠాకూరుల ఇంటి కోడలు జ్ఞానదానందినీ దేవి వంటివారు 19వ శతాబ్దమున చేసిన మార్పులు తోడ్పడినవి. మన ముత్తవ్వలలో రవికె ఎఱుగనివారు ఎందఱో యుండిరి. వారి శీలమును ఎవరును శంకింపలేదు. మన జిల్లాలోని లంబాణీ స్త్రీల సంప్రదాయ కంచలికి వీపున త్రాళ్ల ముడులే కాని గుడ్డ యుండదు. ఆ ఉడుపుతో పెద్దవయస్సు స్త్రీ సంతకు వచ్చినచో సిరుగుప్పలో తల త్రిప్పి చూచువారు లేరు. అదే వీపు వేదికపై కనబడగానే సంస్కృతి కూలినదందుము. మనము అసభ్యత అనుచున్నది చాలవఱకు అపరిచితత్వమే యని దీనివలన తేటపడుచున్నది.

అందుచేత రెండవ పద్దులో మాటలాడునపుడు రెండు నియమములు పాటింపవలెనని మేము భావించుచున్నాము. వాడుకను వాడుకగా చెప్పవలెను, ధర్మశాస్త్రముగా చెప్పరాదు. కూతురునకు చెప్పిన నియమమునే కొడుకునకును చెప్పవలెను. మోకాలు దాటని లాగుతో కొడుకు వీధిలో తిరుగుచుండగా ఊరకుండి, కూతురి చేతులు కనబడెనని కేకలు వేయువాని నోట మర్యాద అను మాటకు బలము లేదు.

ఇచట అల్పసంఖ్యాకులమైన మనకు ప్రత్యేకముగా వర్తించు మాట యొకటి కలదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము ఏర్పడిన నాడు బళ్లారి జిల్లానుండి ఆదవాని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు అందు చేరగా, సిరుగుప్ప మైసూరు రాష్ట్రమున కలిసినది. అంతకు ముందునుండి యున్న తెలుగు కుటుంబములును, తుంగభద్ర కాలువలు వచ్చిన పిమ్మట కోస్తా జిల్లాలనుండి వచ్చి క్యాంపులలో స్థిరపడిన రైతు కుటుంబములును కలిసి నేటి మన సమాజము. సిరుల కుప్ప అని పేరుగల ఈ నేల మనలను పోషించినది; ఇరుగుపొరుగు ఆదరించినది. కాని చిన్న సమాజమునకు తాను కరగిపోవుదునేమో యను భయము ఎల్లప్పుడును ఉండును. ఆ భయము కాపలా వస్తువును వెదకును. సులువుగా దొరకు వస్తువు ఆడపిల్ల ఉడుపు. మన పిల్లలలో తెలుగు చదువను వ్రాయను రానివారు ఎందఱో కలరు. ఆ కొఱత గడపలో నిలిచియుండగా దానిని దాటిపోయి, పలుచని బట్ట కట్టుకొన్న పిల్లను ‘తెలుగుదనము పోయెను’ అని నిందించుట న్యాయమా? భాషను నిలుపుట శ్రమ. పిల్లను గద్దించుట సులువు. సులువైనదానిని చేసి శ్రమపడినట్లు తృప్తిపడుట ఇండ్లలో తెలియకయే జరుగుచున్నది. సమాజముయొక్క భారమంతయు ఒక పదునెనిమిదేండ్ల పిల్ల పైటమీద మోపరాదు.

ఇక మూడవ పద్దు. మనము మిగిలిన రెండింటిని గూర్చి గంటలు వాదించి, దీనిని గూర్చి మౌనముగా నుందుము. కాని ధర్మమనునది సంపూర్ణముగా నిలుచునది ఇచటనే.

ఒకప్పుడు మచిలీపట్టణము మొదలగు కోరమాండల్ రేవులనుండి పోయిన అద్దకపు నూలు బట్టలు ఐరోపాను ఊపివేసినవి. తేలికగా నుండి, ఉతికినను రంగు పోని బట్ట వారికి వింత. ఆ మోజుకు భయపడి ఫ్రాన్సు 1686లో వానిని నిషేధించి 1759 వఱకు ఆ నిషేధమును కొనసాగించినది. ఇంగ్లండు 1700లోను, 1721లోను చట్టములు చేసినది. 1719లో లండనులో నేతగాండ్రు అద్దకపు బట్ట కట్టిన స్త్రీలపై పడి బట్టలు చింపిరి. ఆ నేతగాండ్ర ఆకలి నిజమే. కాని వారి కోపము వీధిలో దొరకిన స్త్రీమీద పడినది. న్యాయపు పద్దులోనిదానిని మర్యాద పద్దులో వ్రాసినచో దెబ్బ తినునది ఎప్పుడును బలహీనులే.

ఈ సంగతి నేటికిని తీరలేదు. 2025 జూనులో మిలానులో ప్రాడా సంస్థ తరువాతి వేసవికై పురుషుల ఉడుపులను ప్రదర్శించినది. కుఱుచ లాగులు, తేలికపాటి చొక్కాలు కొందఱికి నచ్చినవి, కొందఱికి నవ్వు తెప్పించినవి. అది మొదటి పద్దు. కాని ఆ నడచినవారి కాళ్లకున్న చెప్పులు అచ్చముగా కొల్హాపురి చెప్పులే. వానిని మొదట తోలు చెప్పులని మాత్రమే పేర్కొనిరి. కొల్హాపురికి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. అది మహారాష్ట్రలోని నాలుగు జిల్లాలకును, మన కర్ణాటకములోని బెళగావి, ధారవాడ, బాగల్కోట, విజయపుర జిల్లాలకును చెందినది. నిరసనలు రాగా సంస్థవారు భారతీయ పాదరక్షల ప్రేరణను ఒప్పుకొనిరి. అదే డిసెంబరులో మహారాష్ట్ర, కర్ణాటక ప్రభుత్వ చర్మ సంస్థలతో కలిసి 2,000 జతలు ఇక్కడనే చేయించుటకు ఒప్పందము కుదిరినది. అడిగినచో న్యాయము కొంతయైనను కదలునని దీనివలన తెలియుచున్నది. చెప్పు కుట్టినవాని చేతికి ఎంత చేరునన్నది ఇంకను అడుగవలసిన ప్రశ్నయే.

మన ఇంటి ముంగిటను ఇట్టి ప్రశ్నలు కలవు. సండూరు లంబాణీ కుట్టునకు భౌగోళిక గుర్తింపు కలదు; 2023 జూలైలో హంపిలో 450 మంది లంబాణీ స్త్రీలు చేసిన 1,755 వస్తువుల ప్రదర్శనము గిన్నిసు పుస్తకమున కెక్కినది. బళ్లారి జీన్సు లాగుల కుట్టుపనికి పేరు పొందినది. అందు స్త్రీల చేతులు ఎన్నియో. 2019–20 చేనేత గణన ప్రకారము దేశమున 35 లక్షలకు పైగా చేనేత పనివారు కలరు. వారి కుటుంబములలో సుమారు మూడింట రెండు వంతులకు నెలసరి రాబడి 5,000 రూపాయలకు లోపు. వేదికపై గాలికి తేలిన చీర బరువు ఇచట తెలియును.

ఇచట మూడవవారి ఆక్షేపణను ఆలోచింపవలెను. చీర వెల లక్ష యగుట స్వయముగా అన్యాయము కాదు. నెలల పని గల వస్తువు చవుకగా దొరకినచో ఎక్కడనో ఎవనికో కూలి ఎగ్గొట్టిరని అర్థము. రూపకర్తయు ఊరక తినువాడు కాడు. రూపమును ఊహించుట, అమ్ముడుపోనిచో నష్టమును భరించుట, కొనువానిని వెదకుట పనులే. వెల ఎక్కువగుట కాదు, కూలి దాచబడుట దోషము. నేసినవాని పేరును, ఊరును, అతనికి ముట్టిన భాగమును చెప్పగలిగిన రూపకర్త ఎంత వెల పెట్టినను తల ఎత్తుకొని నిలువగలడు. అట్లని లక్ష చీర కొనలేని మధ్యతరగతివారు దోషులు కారు. మరమగ్గము గుడ్డ బీదవాని ఒంటికి చొక్కా నిచ్చినది. దానిని హీనముగా చూచుట కడుపు నిండినవారి మాట. మరమగ్గము గుడ్డను చేనేత యని చెప్పి అమ్ముట మాత్రము దొంగతనము.

మన చేతనైనది స్వల్పము, కాని శూన్యము కాదు. పండుగకు బట్టలు కొనునపుడు ఇది ఎచట నేసినది, చేనేత ముద్ర కలదా యని అంగడిలో అడుగవచ్చును. నలుగురు అడిగినచో వర్తకుడును అడుగును. ఇంటికి వచ్చిన నేతవానితోను, కుట్టుపని చేయు స్త్రీతోను పది రూపాయలకై బేరమాడకుండవచ్చును. మాల్‌లో చీటీపైనున్న వెలను మాఱు మాటలేక చెల్లించు మనము ఇచట మాత్రము గీసి గీసి బేరమాడుట వింత.

కావున వేసవి ఉడుపు ఇంటికి వచ్చినపుడు అది ఇంపుగా లేదని తోచినచో ఊరకుందము. చోటునకు తగదని తోచినచో అమ్మాయికైనను అబ్బాయికైనను ఒక్కసారి మెల్లగా చెప్పి, పిమ్మట వారి వివేకమునకు వదలుదము. దీనిని చేసిన చేతులకు కూలి ముట్టినదా యను ప్రశ్నను మాత్రము గట్టిగా, నలుగురు వినునట్లు అడుగుదము. మన పిల్లలు ఆ మూడవ ప్రశ్నను తెలుగులో అడుగగలిగిననాడు వారి పైటల పలుచదనమును గూర్చి మనము బెంగపెట్టుకొనవలసిన పని యుండదు.