మనోవ్యాధి దాచుకోవలసిన పాపమా?

కొన్నేళ్ల క్రితం శ్రీకాకుళం జిల్లాలోని ఒక చిన్న పట్నంలో జుమా నమాజు ముగిశాక ఒక పెద్దాయన మా కోసం ఆగారు. జనమంతా వెళ్లిపోయే వరకు వుజూ కుళాయిల దగ్గరే నిలబడి, ఆ తర్వాత మెల్లగా దగ్గరికి వచ్చారు. "హజ్రత్, ఒక మస్‌అలా అడగాలి. మా అమ్మాయికి కాన్పు అయి రెండు నెలలైంది. బిడ్డను ఎత్తుకోదు. అన్నం సరిగా తినదు. రాత్రంతా గోడ వైపు తిరిగి కూర్చుంటుంది. డాక్టరుకు చూపిద్దామంటే, లోకం పిచ్చిదంటుందని ఇంట్లో ఆడవాళ్లు భయపడుతున్నారు. ఆ మందులు మింగితే తవక్కుల్ లేనట్టేనా?" అని అడిగారు.

"నమాజు, జిక్ర్ ఎక్కువ చేయించండి. సబ్ర్ వహించండి. అల్లాహ్ మేలు చేస్తాడు" అన్నాము. ఈ మాటల్లో ఏదీ అబద్ధం కాదు. కాని ఆయన అడిగిన ప్రశ్నకు అది జవాబు కాదు. ఆయన తలవంచుకుని వెళ్లిపోయారు.

నాలుగు నెలల తర్వాత అసలు సంగతి తెలిసింది. అమ్మాయి పరిస్థితి బాగా క్షీణించాక, పిన్ని ఇంటికి తీసుకెళ్తున్నామని ఇరుగుపొరుగుకు చెప్పి, చీకటితో బస్సెక్కించి విశాఖపట్నం తీసుకుపోయారట. కాన్పు తర్వాత ఇలాంటి జబ్బు చాలామంది తల్లులకు వస్తుందని, మందులతో నయమవుతుందని, ముందే తీసుకురావలసిందని అక్కడి డాక్టరు చెప్పారట. అల్‌హందులిల్లాహ్, ఆమె ఇప్పుడు ఆరోగ్యంగా ఉంది. బిడ్డను చక్కగా పెంచుకుంటోంది. అయితే ఆ నాలుగు నెలలు ఆ తల్లి అనుభవించిన బాధలోనూ, ఆ పసికందుకు దూరమైన తల్లి ఒడిలోనూ మా జవాబుకు కూడా వాటా ఉంది. ఆ లెక్క మేము అల్లాహ్ సన్నిధిలో చెప్పుకోవలసిందే. ఈ నాలుగు మాటలు రాయడానికి కారణం అదే.

హజ్రత్ మర్యమ్ (అ) ప్రసవవేదన

ఆ రోజు మాకు గుర్తుకు రావలసిన ఘట్టం దివ్య ఖుర్ఆన్‌లోనే ఉంది. హజ్రత్ మర్యమ్ (అ) ఒంటరిగా, ఖర్జూరపు చెట్టు మొదట్లో ప్రసవవేదన పడుతున్నారు. ఒకవైపు శరీర బాధ, మరోవైపు లోకం ఏమంటుందోనన్న భయం. ఆ స్థితిలో తాను ఇంతకు ముందే చనిపోయి, జనం మరచిపోయిన దాన్నయి ఉంటే బాగుండేదని ఆమె తల్లడిల్లారు (మర్యమ్ : 23).

ఆ మాట అన్నందుకు ఆమెను అల్లాహ్ మందలించాడా? నీ ఈమాన్ ఏమైందని నిలదీశాడా? లేదు. దుఃఖించవద్దన్న ఓదార్పు పిలుపు వినిపించింది. కాళ్ల దగ్గర నీటి ఊట ప్రవహించింది. చెట్టు మొదలు పట్టి ఊపమని, రాలిన ఖర్జూరాలు తిని, నీరు తాగి, కళ్లు చల్లబరచుకోమని ఆదేశం వచ్చింది (మర్యమ్ : 24-26). అంటే ముందు ఓదార్పు, ఆ తర్వాత ఆహారం, నీరు. పైగా, ప్రసవంతో నీరసించిన స్త్రీ చేతనే ఆ చెట్టును ఊపించాడు అల్లాహ్. కోరితే పండ్లు వాటంతటవే ఆమె ఒడిలో రాలేవి. సాధనాన్ని చేపట్టడం దైవంపై నమ్మకానికి విరుద్ధం కాదని ఇంతకంటే స్పష్టంగా ఎలా చెప్పాలి?

సబ్ర్ అంటే నోరు మూసుకోవడమా?

మనలో చాలామంది సబ్ర్ అంటే బాధను బయటపెట్టకపోవడమని అనుకుంటారు. హజ్రత్ యాఖూబ్ (అ) గాథ చదవండి. అందమైన సహనం వహిస్తానన్న ప్రవక్త ఆయన. అదే ప్రవక్త కుమారుడి ఎడబాటుకు కుమిలిపోయారు. దుఃఖంతో ఆయన కళ్లు తెల్లబడ్డాయి. ఇంకా ఆ యూసుఫ్‌నే తలచుకుంటూ నాశనమైపోతావా అని కన్నకొడుకులే దెప్పారు. నా వేదనను అల్లాహ్‌కే మొరపెట్టుకుంటున్నానని ఆయన బదులిచ్చారు. అంతటితో ఊరుకోలేదు. వెళ్లి యూసుఫ్‌ను, అతని తమ్ముణ్ణి వెదకండి, అల్లాహ్ కారుణ్యం పట్ల నిరాశ చెందకండి అని కుమారులను పంపించారు (యూసుఫ్ : 83-87).

గమనించండి! కన్నీరు, మొర, వెదుకులాట – ఈ మూడూ ఒకే ప్రవక్తలో, ఒకే సందర్భంలో కనిపిస్తున్నాయి. కన్నీరు పెట్టుకున్నంత మాత్రాన సహనం చెదిరిపోలేదు. వెదకమని పంపినంత మాత్రాన మొరపెట్టుకోవడం మానలేదు. కాబట్టి మందు వేసుకునే మనిషి దుఆ మానలేదు, దుఆ చేసే మనిషి మందు మానకూడదు. ప్రతి వ్యాధికీ అల్లాహ్ మందు సృష్టించాడని, చికిత్స చేయించుకోమని దైవప్రవక్త (స) బోధించారు. ఒక్క వృద్ధాప్యానికే మినహాయింపు ఇచ్చారు గాని, మనసు జబ్బులకు ఇవ్వలేదు. చింత నుంచి, దుఃఖం నుంచి ఆయన స్వయంగా అల్లాహ్ శరణు వేడుకునేవారు. మతి స్థిమితం లేని వ్యక్తిపై, అతను కోలుకునే వరకు, కలం ఎత్తివేయబడిందని తెలిపారు. షరీఅత్ దాన్ని నేరంగా కాక వ్యాధిగా గుర్తించిందనడానికి ఇంతకు మించిన ఆధారం ఏం కావాలి?

వీధి మలుపులో ఒక స్త్రీ

హజ్రత్ అనస్ (ర) ఉల్లేఖించిన ఒక హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. మదీనాలో మతిలో కొంత తేడా ఉన్న ఒక స్త్రీ దైవప్రవక్త (స) వద్దకు వచ్చి, తమతో పని ఉందని చెప్పింది. ఆయన ఆమెను తప్పించుకోలేదు. మరెవరికో అప్పగించలేదు. ఫలానా వారి తల్లీ అని గౌరవంగా పిలిచి, ఏ వీధిలో మాట్లాడదలచుకున్నావో నువ్వే చెప్పు అన్నారు. ఆమె చెప్పుకోవలసింది పూర్తయ్యే వరకు ఆమెతోనే ఉన్నారు.

లోకం ఆమెను ఏ పేరుతో పిలిచేదో మనం ఊహించగలం. దైవప్రవక్త (స) మాత్రం ఆమెను ఒక బిడ్డకు తల్లిగా గుర్తించి పిలిచారు. ఇప్పుడు మన వీధుల్లోని మాటలు గుర్తు తెచ్చుకోండి. పిచ్చోడు, మెంటల్, గాలి సోకింది, చిల్లంగి పెట్టారు, 'వాల్తేరు పంపించాలి', 'ఎర్రగడ్డ కేసు'! వేలాది మందికి చికిత్స చేసిన ఆసుపత్రుల ఊర్లనే మనం తిట్లుగా మార్చుకున్నాం. ఒకరినొకరు ఎగతాళి చేయవద్దని, చెడ్డపేర్లు పెట్టవద్దని సూరతుల్ హుజురాత్ మనల్ని నిషేధించింది. కాలు విరిగిన వాణ్ణి చూడటానికి పండ్లు పట్టుకెళ్తాం. మనసు విరిగిన వాడి ఇంటి వైపు మాత్రం కన్నెత్తి చూడం.

ఒకప్పుడు ముస్లిం సమాజం ఇలా ఉండేది కాదు. క్రీ.శ. 934లో మరణించిన అబూ జైద్ అల్ బల్ఖీ అనే పండితుడు శరీరానికి, మనసుకు కలిపి ఒకే ఆరోగ్య గ్రంథం రాశారు. మనసుకు కూడా జబ్బు చేస్తుందని, కారణం తెలిసిన దుఃఖం వేరు, కారణం తెలియకుండా కమ్ముకునే దుఃఖం వేరని ఆయన విడమరచి చెప్పారు. 1284లో సుల్తాన్ ఖలావూన్ కైరోలో నెలకొల్పిన ఆసుపత్రిలో మనోరోగులకు ప్రత్యేక విభాగం ఉండేది. వక్ఫ్ ఆస్తులతో నడిచిన ఆసుపత్రి అది. మనోరోగికి వైద్యం చేయించడం మన పూర్వీకులకు సదఖా!

గొలుసులు నేర్పిన గుణపాఠం

జిన్నాతులు ఉన్నాయని మనం విశ్వసిస్తాం. ఖుర్ఆన్ ఆయతులతో, మస్నూన్ దుఆలతో రుఖ్యా చేయడం ధర్మసమ్మతమే. అయితే ప్రతి మనోవ్యాధీ ఆసేబేనని ఏ ఆయతూ చెప్పలేదు. రోగిని కొట్టమని, పొగ పెట్టమని, వేలకు వేలు దండుకోమని ఏ హదీసూ చెప్పలేదు.

2001 ఆగస్టు 6న తమిళనాడులోని రామనాథపురం జిల్లా ఏర్వాడిలో ఏం జరిగిందో మరచిపోకూడదు. దర్గాకు వస్తే నయమవుతుందన్న ఆశతో కుటుంబాలు మనోరోగులను అక్కడికి తెచ్చేవి. చుట్టుపక్కల వెలసిన ప్రైవేటు గృహాల్లో వారిని గొలుసులతో కట్టి ఉంచేవారు. అలాంటి ఒక గృహంలో తెల్లవారుజామున నిప్పంటుకుంది. గొలుసులు తెంచుకోలేక 28 మంది కాలిపోయారు. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్! వారిలో ఎందరినో కన్నవాళ్లే, ప్రేమతోనే, పరువు భయంతోనే అక్కడ వదిలి వెళ్లి ఉంటారు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మనోరోగిని గొలుసులతో బంధించడాన్ని పూర్తిగా నిషేధించింది. ప్రభుత్వ వైద్యం పొందే హక్కు ఇచ్చింది. ప్రాణం తీసుకోబోయిన వారిని తీవ్ర మానసిక ఒత్తిడిలో ఉన్నవారిగా భావించి, శిక్షకు బదులు సంరక్షణ కల్పించమంది. ఆత్మహత్య హరామ్ అన్నది నిస్సందేహం. కాని, బతకాలనిపించడం లేదని ఒక సోదరుడు మన ముందు నోరు తెరిస్తే అది ఫత్వా చెప్పే సమయం కాదు. అతని పక్కన కూర్చుని, ఒంటరిగా వదలకుండా వైద్యుని దగ్గరికి తీసుకువెళ్లవలసిన సమయం.

సంబంధాల భయం

మన జిల్లాల్లో దాపరికానికి ఒక ప్రత్యేక కారణం ఉంది. విజయనగరం, బొబ్బిలి, పార్వతీపురం, పలాస, ఇచ్ఛాపురం – ఎక్కడ చూసినా మన కుటుంబాలు తక్కువ. సంబంధాలు ఆ కొద్ది ఇళ్ల మధ్యే తిరుగుతాయి. ఒక ఇంట్లో మాత్రల చీటీ కనబడితే, ఆ ఇంటి ఆడపిల్లలందరి పెళ్లిళ్లూ ఆగిపోతాయన్న భయం. భర్త గల్ఫ్‌లో ఉండి, అత్తవారింట ఒంటరిగా కుమిలిపోయే కోడలు నోరు విప్పదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చింది. మళ్లీ నాటిన కొబ్బరి కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. తోట పోయిన ఇంటి పెద్ద ఆ ఏళ్లన్నీ నిద్రలేకుండా గడిపినా, మగవాడు దిగులుపడకూడదని నోరు నొక్కేస్తాం.

మరి ఈ విషయంలో ధర్మం ఏమిటి? తోటి ముస్లిం తప్పును కప్పిపుచ్చితే అల్లాహ్ మన తప్పులను కప్పుతాడన్నది నిజమే. కాని జబ్బు తప్పు కాదు. దాన్ని వీధిలో చాటనక్కరలేదు. అలాగని వైద్యుని దగ్గర, అయినవారి దగ్గర దాచి ప్రాణం మీదికి తెచ్చుకోనూ కూడదు. విన్నవారికి ఆ మాట అమానత్. దాన్ని నలుగురిలో పెట్టేవాడు అమానత్‌కు ద్రోహం చేసినవాడు.

పెళ్లి చేస్తే అదే సర్దుకుంటుందని తీవ్రమైన జబ్బును దాచి నికాహ్ జరిపించడం మాత్రం మోసమే. బజారులో ధాన్యపు కుప్పలో చేయి పెట్టి లోపల తడి చూసిన దైవప్రవక్త (స), తడిసిన దాన్ని జనానికి కనబడేలా పైన ఎందుకు పెట్టలేదని ప్రశ్నించారు. మోసగించేవాడు మావాడు కాడన్నారు. ధాన్యం విషయంలోనే ఇంత నియమం ఉంటే ఒక జీవితం విషయంలో ఎంత ఉండాలి? అయితే న్యాయంగా ఆలోచిస్తే రెండో మాట కూడా అనాలి. నిజం చెప్పిన తండ్రి ముఖం మీదే తలుపు వేసే సమాజం, ఆ తండ్రి అబద్ధంలో భాగస్వామి అవుతుంది. షుగర్, బీపీ ఉన్నవారు మందులు వేసుకుంటూ కాపురాలు చేసుకున్నట్టే, మనోవ్యాధికి చికిత్స పొందుతున్నవారు ఎందరో చక్కగా సంసారాలు చేసుకుంటున్నారు.

మనం ఏం చేయాలి?

ఎవరైనా రెండు వారాలకు పైగా ప్రతిరోజూ దిగులుగా ఉంటే, నిద్ర, ఆకలి పోతే, దేని మీదా మనసు నిలవకపోతే, లేని మాటలు వినబడుతున్నాయంటే, ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి. విశాఖపట్నం వాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. అంత దూరం వెళ్లలేనివారు ముందు దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రిలో అడగండి. బయటకు రాలేనివారు ఫోనులోనే సలహా పొందవచ్చు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ మానస్ నంబరు 14416. రాత్రింబవళ్లు ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు.

దిగులుకు ఇచ్చే మందులు పనిచేయడానికి సాధారణంగా కొన్ని వారాలు పడుతుంది. నాలుగు రోజులు చూసి గుణం లేదని, లేదా కాస్త తేరుకోగానే ఇక అక్కర్లేదని సొంతంగా ఆపకండి. రమజాన్‌లో ఉపవాసాలుండాలనుకునే వారు ముందే డాక్టరును సంప్రదించాలి. చాలా మందుల వేళలను ఇఫ్తార్‌కు, సహర్‌కు మార్చే వీలుంటుంది. కొన్ని మందులు వాడేవారికి నీరు తగ్గితే ప్రమాదం. అలాంటివారికి రోగులకు అల్లాహ్ ఇచ్చిన సడలింపు ఉండనే ఉంది. దాన్ని స్వీకరించడం సిగ్గుపడవలసిన విషయం కాదు.

ఇక ఇమాములకు, ఉలమాలకు, అంటే మాకు మేము చెప్పుకునే మాట. మన దగ్గరికి వచ్చేవారు చాలావరకు అన్ని తలుపులూ తట్టలేక ముందుగా మస్జిదు తలుపు తడతారు. వారికి దుఆ నేర్పుదాం. దాంతోపాటు, డాక్టరు దగ్గరికి వెళ్లమని మన నోటితోనే చెబుదాం. ఆ ఒక్క మాట మింబర్ మీది నుంచి వస్తే, ఎన్నో ఇళ్లలో ఆడవాళ్ల భయం తీరుతుంది. అవసరమైతే మనమే వారి వెంట బస్సెక్కుదాం.

ఆ పెద్దాయన ఆ రోజు జనమంతా వెళ్లిపోయే దాకా ఎందుకు ఆగారో ఇప్పుడు ఆలోచిస్తే సిగ్గేస్తుంది. అల్లాహ్ ఇంట్లో నిలబడి కూడా ఆయన భయపడింది అల్లాహ్‌కు కాదు, మనకు. రేపు ఏ తండ్రి అయినా మొదటి సఫ్‌లోనే కూర్చుని, మా అమ్మాయికి ఒంట్లో బాగాలేదు, దుఆ చేయండి అన్నంత సులువుగా, మా అమ్మాయికి మనసు బాగాలేదు, దుఆ చేయండి అని అడగగలగాలి.

అల్లాహ్ మన రోగులందరికీ – శరీర రోగులకూ, మనోరోగులకూ – సంపూర్ణ స్వస్థత ప్రసాదించుగాక! వారి పాలిట మన నాలుకలను ముళ్లుగా కాక, మందుగా చేయుగాక! ఆమీన్.