పూత చూసి కట్టిన ధర

పువ్వు పుట్టగానే పరిమళిస్తుందని మన సామెత. పిల్లల విషయంలో దీనిని మనం ఎంతో ముచ్చటగా వాడుతాము. కాని నల్లరేగడిలో పత్తి వేసిన గుంటూరు రైతు ఈ సామెతను నమ్మడు. పూత ఎంత విరగబూసినా కాపును అప్పుడే లెక్కగట్టడు. గూడ రాలుతుంది, పూత రాలుతుంది, పిందె రాలుతుంది. వాన ఎక్కువైనా రాలుతుంది, తక్కువైనా రాలుతుంది. 2021-22లో నల్ల తామరపురుగు వచ్చి మిరప పూతను నాశనం చేసినప్పుడు, ఏ రైతూ మొక్కను నిలదీసి "నీవు నన్ను మోసం చేశావు" అనలేదు. మొక్క మీద వెయ్యని ఈ నింద మనిషి మీద మాత్రం మనం ఎందుకు వేస్తున్నాము? చిన్ననాడు గొప్ప ఆశలు రేపి, ఆ ఆశల మేరకు ఎదగని మనిషి మనకు ఏమైనా బాకీపడ్డాడా? నేను విచారించదలచుకున్న ప్రశ్న ఇదే.

ప్రశ్న గాలిలో నిలవదు గనుక మన వూరి ఉదాహరణే తీసుకుంటాను. అంబటి రాయుడు 1985లో గుంటూరులో పుట్టాడు. పదహారేళ్ళకే హైదరాబాదు తరఫున రంజీ పోటీలు ఆడాడు. 2002లో పందొమ్మిదేళ్ళలోపు వారి జట్టుతో ఇంగ్లండు వెళ్ళి, టాంటన్‌లో 177 పరుగులు చేసి అజేయంగా నిలిచాడు. అదే సంవత్సరం ఆంధ్ర జట్టుమీద ఒకే మ్యాచిలో మొదట 210, తరువాత 159 పరుగులు చేశాడు. 2004లో బంగ్లాదేశ్‌లో జరిగిన పందొమ్మిదేళ్ళలోపు వారి ప్రపంచకప్పులో భారత జట్టుకు నాయకుడు. శిఖర్ ధావన్, సురేశ్ రైనా, దినేశ్ కార్తీక్ అతని కింద ఆడినవారు. ఇక దేశానికి మరో మహా బ్యాట్స్‌మన్ దొరికినట్లేనని జనం నిశ్చయించుకున్నారు. ఇతడి వయస్సు అప్పటికి పద్దెనిమిది.

తరువాతి కథ వేరుగా నడిచింది. 2007లో అతడు భారత క్రికెట్ బోర్డు గుర్తింపు లేని ఇండియన్ క్రికెట్ లీగులో చేరాడు. బోర్డు అలాంటి వారందరికీ తలుపులు మూసింది. 2009లో క్షమాభిక్ష ఇచ్చి మళ్ళీ తెరిచింది. భారత జట్టు తరఫున మొదటి వన్డే ఆడేసరికి 2013 వచ్చింది, ఇరవై ఏడేళ్ళు నిండాయి. హరారేలో ఆడిన ఆ మొదటి ఆటలోనే 63 పరుగులతో అజేయంగా నిలిచాడు. మొత్తం 55 వన్డేలలో 1694 పరుగులు, సగటు 47. టెస్టు ఒక్కటీ లేదు. 2019 ప్రపంచకప్పు జట్టులో అతడికి బదులు విజయ్ శంకర్‌ను తీసుకున్నారు. కొత్తవాడు మూడు కోణాలలో పనికివస్తాడని చెప్పిన ఎంపిక సంఘం అధ్యక్షుడు ఎం.ఎస్.కె. ప్రసాద్, ఆయనా గుంటూరువాడే, ఆయన సొంత టెస్టు జీవితమూ ఆరు మ్యాచిలతో ముగిసినదే. మూడు కోణాల కళ్ళద్దాలకు ఆర్డరు ఇచ్చానని రాయుడు ఎగతాళిగా రాశాడు. జూలైలో ఆట మానేస్తున్నానన్నాడు, ఆగస్టులో ఆ మాట వెనక్కు తీసుకున్నాడు. 2023లో ఆరో కప్పు గెలిచిన రోజున ఐ.పి.ఎల్.లో చివరిసారిగా మైదానం దిగాడు.

దీనిని పతనం అనవచ్చునా? 47 సగటుతో 55 వన్డేలు ఆడటం కోట్లమందిలో కొద్దిమందికి మాత్రమే దక్కింది. ఎవరూ జోస్యం చెప్పని కుర్రవాడు ఇంత సాధించి వస్తే మేళతాళాలతో వూరేగించేవాళ్ళం. రాయుడి పేరెత్తితే మాత్రం మన బ్రాడీపేట టీ కొట్లలో మొదట వినిపించేది ఒక నిట్టూర్పు: "ఎంతవాడు కావలసినవాడు!" ఇక్కడ కొలబద్ద మనిషి చేసిన పని కాదు, మనం ముందుగా చెప్పిన జోస్యం. జోస్యం తప్పితే చెప్పినవాడు తలవంచుకోవాలి. మన దగ్గర మాత్రం జోస్యానికి గురి అయినవాడే తలవంచుకుంటున్నాడు.

ఈ నిట్టూర్పుకు కారణాలు చెప్పేవారు రెండు వర్గాలుగా చీలుతారు. పొగరు, కోపం, తొందరపాటు అతణ్ణి చెరిచినవని, చేసుకున్నవాడికి చేసుకున్నంత అని కొందరు. బోర్డు రాజకీయాలు నలిపివేసినవని మరికొందరు. అభ్యుదయవాదులమైన మనకు సహజంగా రెండో వాదమే రుచిస్తుంది. నేనూ చాలాకాలం దానినే వినిపించాను. కాని అంతా వ్యవస్థదే అనటం కూడా ఒక విధంగా మనిషిని చిన్నబుచ్చటమే. లీగులో చేరినవాడు అతడు, ఆట మానేస్తానన్నవాడు అతడు, తిరిగి వస్తానన్నవాడూ అతడే. అవి స్వతంత్రుడైన మనిషి నిర్ణయాలు. పైగా రెండు వాదాలకూ పునాది ఒక్కటే. అతడు చేరవలసిన గమ్యం ఒకటి ముందే రాసిపెట్టి వున్నదని, అక్కడికి చేరనిది తప్పెవరిదని మాత్రమే ఇద్దరి తగాదా. గమ్యం రాసినది ఎవరని ఇద్దరూ అడగరు.

ఈ ప్రశ్న అడగటానికి కాస్త దూరం వెళ్ళివద్దాము. అమెరికాలో కళాశాలల ఫుట్‌బాల్ గొప్ప వ్యాపారం. హైస్కూలు పిల్లలకు నక్షత్రాలు వేసి తరగతులు కడతారు. మంచి పిల్లవాడి ఇంటి ముందు కళాశాలల శిక్షకులు బారులు తీరుతారు. మార్కస్ డూప్రీ 1964 మే నెలలో మిసిసిపీ రాష్ట్రంలోని ఫిలడెల్ఫియా అనే చిన్న వూరిలో పుట్టిన నల్లజాతి బాలుడు. అతడు పుట్టిన నెలలోపే, ఆ వూరి దగ్గర ముగ్గురు పౌరహక్కుల కార్యకర్తలను జాత్యహంకారులు చంపి పాతిపెట్టారు. పదిహేడేళ్ళ తరువాత అదే వూరిలో, అదే జాతి పిల్లవాడి కోసం దేశం నలుమూలల నుంచి తెల్లదొరలు వచ్చి బతిమాలారు. అతడు ఓక్లహోమా విశ్వవిద్యాలయానికి వెళ్ళి, 1982లో మొదటి సంవత్సరంలోనే వెయ్యి గజాలకు పైగా పరుగెత్తాడు. రెండో సంవత్సరం మధ్యలోనే విశ్వవిద్యాలయం వదిలివేశాడు. 1985లో మోకాలు విరిగింది. అతడి పేరు వృథాపోయిన ప్రతిభకు ఉదాహరణగా మిగిలింది. విచిత్రం చూడండి: ఆటకు ముందు అతడి జాతికి ఆ వూరిలో ఏ హక్కు వున్నదని అడగనివారు, ఆట పోయిన తరువాత అతడు తమకేదో ఎగవేసినట్లు బాధపడ్డారు.

ఇంతవరకూ ఇతరుల సంగతి చెప్పాను. ఇక నా సంగతి.

పదిహేనేళ్ళ క్రితం నేను పాఠాలు చెప్పే కళాశాలలో పర్చూరు వైపు నుంచి వచ్చిన ఒక కౌలురైతు కొడుకు వుండేవాడు. ఎంతో వేగంగా బంతి వేసేవాడు. ఆటల బాధ్యత నాది. రాని రోజులకు వచ్చినట్లు హాజరు వేయించాను. "పరీక్షలు ఎప్పుడైనా రాసుకోవచ్చురా, ఈ భుజం ఎప్పుడూ ఇలా వుండదు" అన్నాను. వార్షికోత్సవంలో అతడి తండ్రిని వేదిక ఎక్కించి, "మీవాడు దేశానికి ఆడతాడు" అని మైకులో ప్రకటించాను. ఆ పెద్దాయన చేతులు జోడించి నాకు దణ్ణం పెట్టాడు. మూడో సంవత్సరం కుర్రవాడికి వెన్నెముక చిట్లింది. వైద్యానికి కళాశాల దగ్గర పద్దు లేదు, నా దగ్గర వున్నది జాలి. డిగ్రీ పూర్తికాలేదు. ఏ సబ్జెక్టులు మిగిలాయని నేను అడగలేదు. అప్పటికి నాకు ఇంకొక కుర్రవాడు దొరికాడు.

రెండేళ్ళ క్రితం మార్చిలో ఒక బంధువు కాయలు అమ్మటానికి ఆయనతో మిర్చియార్డుకు వెళ్ళాను. కొనుగోలుదారు టిక్కీ చీల్చి గుప్పెడు కాయలు మచ్చు తీసి, వాసన చూసి ధర చెప్తున్నాడు. కాటా దగ్గర చీటీలు రాస్తున్న గుమాస్తా నన్ను చూసి తల దించుకున్నాడు. గుర్తుపట్టి పలకరించాను.

"మీకు మొహం చూపించలేక తప్పుకు తిరుగుతున్నానండీ మాస్టారూ. మాట నిలబెట్టుకోలేకపోయాను" అన్నాడు.

"ఏ మాటరా? నువ్వు నాకెప్పుడు మాట ఇచ్చావు?"

అతడు చీటీల కట్ట చేతిలో పట్టుకుని కాసేపు ఆలోచించాడు. "నిజమేనండీ, నేనివ్వలేదు. మీరే అన్నారు" అన్నాడు.

ఆ మాట నన్ను ఇంకా వదలలేదు. మాట ఇవ్వటమంటే ఏమిటి? ఇచ్చేవాడికి తాను ఇచ్చేదేమిటో తెలియాలి. ఇవ్వకుండా వుండే స్వేచ్ఛ వుండాలి. ఆ మాట తన నోటితో చెప్పాలి. పదిహేడేళ్ళ పిల్లవాడి విషయంలో ఈ మూడింటిలో ఒక్కటీ లేదు. అతడి పేరు మీద వాగ్దానపత్రం రాసినది మేము. దానిమీద వచ్చిన గౌరవం అనుభవించినదీ మేమే. కళాశాలకు కప్పులు వచ్చినవి, నాకు శాలువా కప్పారు. పత్రం చెల్లనప్పుడు మాత్రం సంతకం అతడిదన్నాము.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. పిల్లవాడిమీద తల్లిదండ్రులు కష్టార్జితం ఖర్చు చేస్తారు, గురువులు శ్రమిస్తారు, సమాజం మైదానాలు ఇస్తుంది. అతడికి ఏ బాధ్యతా లేదా? వున్నది. కాని ఆ బాధ్యత అతడు నిజంగా పొందినదానికి సంబంధించినది, మనం ఊహించుకున్నదానికి కాదు. పొందినదానికి ప్రతిగా శక్తికొద్దీ పనిచేయటం ఆటగాడికీ, ఆటరాని వాడికీ సమానమైన బాధ్యత. రైతు మీద వ్యాపారి వేసుకున్న లాభాల అంచనా రైతు అప్పు కానట్లే, పిల్లవాడి మీద మనం పెంచుకున్న ఆశ అతడి అప్పు కాదు.

ఆశ పాపమని నేను అనటం లేదు. ఆశలేని ఉపాధ్యాయుడు నల్లబల్లకన్న మేలు కాదు. ఆశకూ అంచనాకూ భేదం వున్నది. ఆశ పిల్లవాడి కోసం. అతడు దారి మార్చుకున్నా అది అతడి వెంట నడుస్తుంది. అంచనా పెట్టుబడి కోసం. సరుకు తాలుగా తేలితే పక్కకు నెడుతుంది. 2024 నవంబరులో జరిగిన ఐ.పి.ఎల్. వేలంలో వైభవ్ సూర్యవంశీ అనే పదమూడేళ్ళ బిహారు బాలుడిని కోటీ పది లక్షల రూపాయలకు పాడుకున్నారు. ఆ పిల్లవాడు ఎంత బాగా ఆడినా నేను సంతోషిస్తాను. అయినా పదమూడేళ్ళ మనిషికి మచ్చు చూసి ధర కట్టటం న్యాయమేనా అన్న ప్రశ్న అతడి పరుగులతో తీరేది కాదు.

కళాప్రతిభ కొద్దిమందిలో పోగుపడి, కోట్ల ప్రజలలో అణగారిపోవటం శ్రమ విభజన ఫలితమేనని మార్క్స్, ఎంగెల్సులు 'జర్మన్ భావజాలం'లో వివరించారు. ఆ మాటను ఆటకు అన్వయించి చూడండి. ఒక్క రాయుడు టెస్టు ఆడనందుకు మనం పడిన విచారంలో వందోవంతు, మైదానమే లేని బడులలో చదివే పిల్లల కోసం పడటం లేదు. మిరప కోతలకు తల్లితోపాటు వెళ్ళే పిల్ల ఎంత వేగంగా పరుగెత్తగలదో ఎవరూ గడియారం పెట్టి చూడలేదు. ఆమె మీద ఎవరికీ అంచనా లేదు గనుక ఆమె నష్టానికి నిట్టూర్పూ లేదు.

కాబట్టి తోటి ఉపాధ్యాయులకు నేను చెప్పగలిగినది చిన్నది. ఆటపిల్లలకు దొంగ హాజరు వేయకండి; పాఠం పోయిన రోజులకు సాయంత్రం కూర్చోబెట్టి చెప్పండి. కప్పులకు పెట్టే ఖర్చులో కొంత గాయాల వైద్యానికి పద్దుగా రాయించండి. వేదికల మీద జోస్యాలు మానండి.

ఆ గుమాస్తాకు మిగిలిపోయినవి మూడు పేపర్లు. ఆలస్యంగానైనా అడిగి తెలుసుకున్నాను. ఆదివారాలు మా ఇంటికి వస్తున్నాడు. ప్యాసవుతాడా అని మా ఆవిడ అడిగితే, చెప్పలేనన్నాను.