దీపము నార్పుట

మన యిండ్లలో దీపమాఱినదని పెద్దలనరు; కొండెక్కినదందురు. ఆర్పుటయను మాటయే యశుభమని వారి నమ్మిక. ఆ నమ్మికను నేను విడిచి చాలకాలమైనది. అయినను గడచిన వేసవిలో సికింద్రాబాదు రాణిగంజిలోని యొక మరమ్మతు దుకాణమున 300 రూపాయలిచ్చి యొక దీపము నార్పించితిని. అది మొదలు నన్ను వేధించుచున్న ప్రశ్నను చదువరుల యెదుట నుంచుచున్నాను.

నేనొకరు వాడిన హైబ్రిడ్ కారును గొంటిని. పెట్రోలు ఇంజనును, విద్యుత్తు మోటారును గలిసి నడుపు బండి యది. మోటారునకు బలమిచ్చు 200 వోల్టులకు మించిన బ్యాటరీ వెనుక సీటుకడ నుండును. అది వేడెక్కకుండుటకై యొక చిన్న పంకా కారులోని చల్లగాలిని బీల్చి దానిమీదికి బంపుచుండును. కొన్న రెండవ వారముననే వెనుక గూర్చున్న నా భార్య, "ఏమండీ, ఇక్కడ నేదో రొద వినబడుచున్నది" అనెను. యంత్రముల సంగతి నీకేమి తెలియునని నవ్వి యూరకుంటిని. పదిదినములకు ట్యాంకుబండుమీద డ్యాష్‌బోర్డున నారింజవన్నె దీపము వెలిగెను. ఎఱ్ఱదీపమైనచో వెంటనే యాగుమనుట. ఈ వన్నెదైనచో త్వరలో పరీక్ష చేయింపుమనుట.

దుకాణములోని పనివాడు స్కానరును దగిలించి, కారులోని కంప్యూటరు వ్రాసికొన్న దోషసంకేతమును దుడిచివేసెను. దీపమాఱెను. "మఱి లోపమో?" యంటిని. "అది లోపలనే యున్నది సార్" అని యతడు నిజమే చెప్పెను. తప్పు నాది. నేను గోరినది నెమ్మదియే గాని బాగుచేయుట గాదు. కంప్యూటరు తన పరీక్షను మానదు గనుక తొమ్మిదవనాడు దీపము మరల వెలిగెను. వేఱొక పనివాడు సీటు విప్పి చూపగా పంకానిండ దుమ్మును నూలుపోగులును బేరుకొనియుండెను. గాలి యాడక బ్యాటరీలోని కొన్ని సెల్లులు చెడినవి. నా భార్య విన్న రొద యదియే.

"మఱల నార్పించి అమ్మివేయుము బావా, నీకు నట్లే యంటగట్టియుందురు" అని నా బావమఱది బోధించెను. నేనట్లే చేసితిని. మారేడుపల్లిలోని మా యింటికి, క్రొత్తగా నుద్యోగమున జేరిన యువకుడొకడు బండి చూడవచ్చి, "మాస్టరుగారూ, ఏ దీపమైన వెలుగుచున్నదా?" యని యడిగెను. ఆ నిమిషమున నేదియు వెలుగుటలేదు. లేదన్నచో నా మాటలో నబద్ధమైన యక్షరమొక్కటియు నుండదు.

కురుక్షేత్రమున ధర్మరాజు పలికినదియు నట్టిదే. ఏనుగను మాటను మాత్రము మెల్లగా ననెను. అంతవఱకు భూమికి నాలుగంగుళముల యెత్తున నడచిన యాయన రథము నేలనంటెను.

కొనువాడే చూచుకొనవలెనని కొందఱందురు. 1872 నాటి కాంట్రాక్టు చట్టము సయితము వట్టి మౌనమును సాధారణముగ మోసమనదు. కాని యెఱిగి కప్పిపుచ్చుటను మోసమే యనును. ఈ భేదము న్యాయమైనది. కొనువాని కన్ను ఆ దీపమే. ఆ కన్ను మూసిన చేతితోనే, నీవు చూచుకొనవలసినదని వ్రేలు చూపుట యెట్లు?

నేను సర్వమును జెప్పితిని. ఆ యువకుడు నమస్కరించి వెడలిపోయెను. బ్యాటరీకి నా రెండునెలల జీతము వ్యయమైనది. బావమఱది నేటికిని నన్ను వెఱ్ఱివానిగనే చూచుచున్నాడు. మేలు చేసితినన్న గర్వము నాకు లేదు. ఆర్పించిన తరువాతనే కదా చెప్పితిని!

అయినను కారు నేర్పిన పాఠము కారుతో ముగియలేదు. పిల్లవాడు బడికి బోనని యేడ్చిన గద్దించుచున్నాము. కోడలు కంటనీరు పెట్టిన నిల్లు గుట్టుగ నుండవలెనందుము. ముసలితల్లి దగ్గినను విసుగుకొందుము. ఎవరును లోపమును వెదకరు; దీపముపైననే కోపము. మాట యణగినంత మాత్రమున బాధ యణగెనని తలచుట, నేను రాణిగంజిలో 300 రూపాయలకు గొన్న నెమ్మది వంటిది.

నా బండిలో దీపము వెలుగుటకు పదిదినములు ముందుగనే యొక మాట వినబడినది. నవ్వులతో నేను మొదట నార్పినది దానినే.